ఒకే ఒక్కడు అక్కర్లేదు, ఒక్క మెజిస్ట్రేటు చాలు

"ఒక మంచి పొలిటికల్ థ్రిల్లర్ చెప్పు బాసూ" అని మన ఐటీ జనాన్ని అడిగి చూడండి. వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. ఒకే ఒక్కడు. ఠాగూర్. భరత్ అనే నేను. కాస్త వయసు పైబడ్డవాళ్లయితే ప్రతిఘటన, అంకుశం, భారతీయుడు. వీటిలో కొన్ని నేనూ టీవీలో పదేసి సార్లు చూశాను, ఈలలు కూడా వేశాను. సినిమాలుగా వాటి మీద నాకు కోపం లేదు. కానీ అవి పొలిటికల్ థ్రిల్లర్లు అంటే మాత్రం ఒప్పుకోను. అవి రాజకీయాలంటే విసుగెత్తినవాడి పగటికలలు. రెండూ ఒకటి కాదు. ఆ తేడా తెలియకపోవడం వల్ల మనకి జరుగుతున్న నష్టం చిన్నదేమీ కాదు. అసలు గొడవ దాని గురించే.

నిజమైన సరుకు చూడాలంటే 1969లో వచ్చిన 'జెడ్' చూడండి. దర్శకుడు కోస్తా గావ్రాస్, గ్రీసులో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడినవాడు. సినిమా ఫ్రెంచిలో ఉంటుంది, రెండు గంటల పైచిలుకు. సబ్‌టైటిల్స్ చదవాలి కదా అని మొహం చిట్లించకండి. కొరియన్ సీరియళ్లకి రాత్రంతా చదివే ఓపిక ఉన్నవాళ్లం, రెండు గంటలు చదవలేమా :)

కథ చెప్పేస్తే మజా పోతుందన్న భయం అక్కర్లేదు. ఎందుకంటే ఇది కథ కాదు, జరిగింది. గ్రిగోరిస్ లాంబ్రాకిస్ అని గ్రీసులో ఒక పార్లమెంటు సభ్యుడు. వృత్తికి డాక్టరు. కుర్రతనంలో లాంగ్‌జంప్ ఛాంపియను. అణ్వాయుధాలు వద్దు, శాంతి కావాలి అని తిరిగేవాడు. 1963 ఏప్రిల్లో మారథాన్ నుంచి ఏథెన్స్ దాకా శాంతియాత్ర చేస్తామంటే ప్రభుత్వం నిషేధించింది. మిగతావాళ్లని పోలీసులు పట్టుకుపోతే, పార్లమెంటు సభ్యుడికుండే రక్షణ అడ్డం పెట్టుకుని ఈయన ఒక్కడే నడిచాడు. సరిగ్గా నెల తిరిగేసరికి, మే 22న, థెస్సలోనికిలో ఒక సభలో మాట్లాడి బయటికొస్తుంటే, చుట్టూ అంతమంది పోలీసులుండగానే ఒక మూడు చక్రాల బండి దూసుకొచ్చింది. అందులోంచి ఒకడు తలమీద కొట్టాడు. మే 27న ఆయన చనిపోయాడు.

అధికారుల మాట ఏంటంటే, "తాగి బండి నడిపారు, యాక్సిడెంటు జరిగింది." అంతే. టికెట్ క్లోజ్డ్.

ఈ టికెట్‌ని తిరిగి తెరిచినవాడు క్రిస్టోస్ సార్ట్‌జెటాకిస్ అనే మెజిస్ట్రేటు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు. ఇక్కడో చిన్న వివరం. మన దగ్గర దర్యాప్తు చేసేది పోలీసులు, విచారించేది కోర్టు. అక్కడి పద్ధతిలో దర్యాప్తు మెజిస్ట్రేటు అని ఒకాయన ఉంటాడు. సాక్షుల్ని పిలిచి తనే ప్రశ్నిస్తాడు, వాళ్లు చెప్పింది గుమాస్తా చేత రాయిస్తాడు, ఎవరి మీద అభియోగం పెట్టాలో తేలుస్తాడు. సార్ట్‌జెటాకిస్ లాంబ్రాకిస్ అభిమాని కాడు, వామపక్షం మనిషీ కాడు. వాళ్ల నాన్న పోలీసు దళంలో అధికారి. అంటే ఎటువైపు నుంచి చూసినా "మనవాడే" అని పైవాళ్లు నమ్మదగ్గ మనిషి అన్నమాట.

ఈ ఉదంతం మీద వాసిలిస్ వాసిలికోస్ నవల రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని ఖోర్హే సెంప్రున్, గావ్రాస్ కలిసి స్క్రీన్‌ప్లే రాశారు. డాక్టరుగా ఈవ్ మోంతాఁ, ఆయన భార్యగా ఐరీన్ పాపాస్, మెజిస్ట్రేటుగా జాఁ లూయీ ట్రాంతిన్యాఁ. ఆ పాత్రకే ట్రాంతిన్యాఁకి కాన్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మోంతాఁ అంత పెద్ద స్టారు. మన లెక్క ప్రకారం హీరో ఆయనే. కానీ ఆయన సినిమాలో మొదటి భాగంలోనే దెబ్బ తిని పడిపోతాడు! ఆ తర్వాత రెండో హీరో వచ్చి ప్రతీకారం తీర్చుకుంటాడేమో అని మనం ఎదురుచూస్తాం. వచ్చేది ఎవరయ్యా అంటే, కళ్లజోడు పెట్టుకుని, నవ్వకుండా, గొంతు పెంచకుండా, "పేరు? వృత్తి?" అని అడిగే ఒక గుమాస్తా లాంటి మనిషి.

ఈ సినిమా నడక అంతా ఆ మనిషి ప్రశ్నల మీదే. ఒక సాక్షి వస్తాడు, ఒక మాట చెప్తాడు. ఆ మాట ఇంకో అధికారి చెప్పినదానికి సరిపోదు. ఆయన్ని మళ్లీ పిలుస్తారు. శవపరీక్షలో తేలింది ఏంటంటే, తలకి తగిలింది కిందపడ్డ దెబ్బ కాదు, కొట్టిన దెబ్బ. అది చాలు, "యాక్సిడెంటు" కథ బీటలు వారడానికి. దాడి చేసిన ముఠావాళ్లకీ పోలీసులకీ పరిచయం ఎక్కడిది? సభకి హాలు ఇస్తామన్నవాళ్లు ఒక్కసారిగా ఎందుకు వెనక్కి తగ్గారు? అంతమంది పోలీసులుండి ఆ బండి లోపలికి ఎలా రాగలిగింది? ఒక్కో ప్రశ్న చిన్నదే. మనం లాగ్ ఫైళ్లు ముందేసుకుని టైమ్‌స్టాంపులు సరిచూసుకుంటూ అర్ధరాత్రి చేసే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా ఏంటంటే, మనకి మహా అయితే రేటింగ్ తగ్గుతుంది, ఆయనకి జీవితం పోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక్క పదం చుట్టూ జరిగే వ్యవహారం. దర్యాప్తు మొదట్లో సాక్షులు "హత్య" అంటే మెజిస్ట్రేటు ఒప్పుకోడు. "సంఘటన" అని రాయమంటాడు. ఎందుకంటే హత్య అని ఇంకా రుజువు కాలేదు. చూసేవాడికి ఒళ్లు మండుతుంది, వీడూ వాళ్ల మనిషేరా అనిపిస్తుంది. కానీ ఒక్కో ఆధారం పేరుకుంటూ పోయి, ఒక ఘడియకి ఆయన నోటివెంటే "హత్య" అన్న మాట వస్తుంది. మన తెలుగు సినిమాలో అయితే ఇక్కడ నాలుగు సుమోలు గాల్లోకి లేవాలి. ఇక్కడ ఒక నామవాచకం మారుతుంది, అంతే. నాకు మాత్రం ఆ సుమోల కన్నా ఇదే పెద్ద ఫైటు.

మనకీ ఆఫీసులో "ఇన్సిడెంట్" అనే పదం రోజూ తగులుతూనే ఉంటుంది కదా. సర్వరు ఎందుకు పడిపోయిందో పూర్తిగా తెలియక ముందే "హ్యూమన్ ఎర్రర్" అని రాసి, పీ-వన్‌ని పీ-త్రీ చేసి, శుక్రవారం సాయంత్రంలోగా మూసేసే విద్య మనలో చాలామందికి తెలుసు. ఎవరో కొత్తగా చేరిన కుర్రాడు "కమాండ్ తప్పు కొట్టాడు" అని తేలుతుంది. ఆ కమాండ్ ప్రొడక్షన్‌లో కొట్టగలిగే అనుమతి వాడికి ఎవరిచ్చారన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. 'జెడ్'లో అధికారులు కోరుకున్నదీ సరిగ్గా ఇదే. బండి నడిపినవాడు, కర్ర పట్టుకున్నవాడు, ఇద్దర్నీ తీసుకో, సరిపెట్టుకో. రాజధాని నుంచి పై అధికారి దిగి, మెత్తగా, కెరీర్ గురించి నాలుగు మంచిమాటలు చెప్తాడు. బెదిరింపు ఎక్కడా ఉండదు. మన అప్రైజల్ మీటింగుల్లో వినే గొంతే అది. మెజిస్ట్రేటు ఏం చేస్తాడంటే, అభియోగాలు పైదాకా పెడతాడు.

ఆ తర్వాత వచ్చే దృశ్యాన్ని థియేటర్లో చూసుంటే నేను కుర్చీ ఎక్కేవాణ్ణి. ఛాతీ నిండా పతకాలతో ఉన్న పోలీసు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు గదిలోకి వస్తారు. అందరికీ అదే ప్రశ్న. పేరు, వృత్తి. గుమాస్తా టైపు మెషీను టకటకా కొడుతూనే ఉంటుంది. అభియోగం విని, రుసరుసలాడుతూ లేచి, బయటికి పోబోయి తాళం వేసున్న తలుపుని గుంజుతారు. అందరూ అదే తలుపు! బయట విలేకరి ఒకడు "మీరూ డ్రేఫస్ లాంటి అమాయకులేనా" అని అడిగితే, జనరల్ "డ్రేఫస్ దోషే!" అని అరుస్తాడు. చేయని నేరానికి శిక్ష పడిన మనిషికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరు డ్రేఫస్. ఒక్క జవాబులో సదరు పెద్దమనిషి బుర్ర మొత్తం తెలిసిపోతుంది.

ఇప్పుడు మన సినిమాల దగ్గరికి వద్దాం. ప్రతిఘటన (1985)లో హీరోయిను చివరికి గొడ్డలి పట్టుకుంటుంది. భారతీయుడు (1996)లో ముసలాయన కత్తి పట్టుకుంటాడు. ఒకే ఒక్కడు (1999)లో ఒక్కరోజు ముఖ్యమంత్రి అక్కడికక్కడే సస్పెండు చేసుకుంటూ పోతాడు. ఠాగూర్ (2003)లో లంచగొండుల్ని కిడ్నాప్ చేసి, అందులో ఒకణ్ణి చంపేస్తారు. మన దర్శకులకి కోపం ఉంది, అది నిజమైన కోపమే, కాదనను. అయితే ఈ సినిమాలన్నీ మనకి పదే పదే నేర్పిన పాఠం ఒక్కటే. చట్టం అడ్డం, పద్ధతి ఆలస్యం, సాక్ష్యం సోది. మంచివాడు ఒక్కడు దొరికితే వాడి చేతికి కత్తో, కుర్చీయో ఇచ్చేసి మనం పాప్‌కార్న్ తినొచ్చు.

'జెడ్' దీన్ని తలకిందులు చేస్తుంది. చూడండి, అందులో చట్టాన్ని పక్కనపెట్టి "దేశాన్ని శుభ్రం చేసే" మనుషులు ఎవరు? విలన్లు! సినిమా మొదలయ్యేదే ద్రాక్షతోటలకి పట్టే బూజు తెగులు మీద ఒక ఉపన్యాసంతో. మందు ఎప్పుడు కొట్టాలి, ఎలా కొట్టాలి అని వ్యవసాయ అధికారి చెప్పి కూర్చుంటాడు. వెంటనే పోలీసు జనరల్ లేచి, మనుషుల బుర్రలకి కూడా ఇలాంటి తెగులే పడుతోంది, దానికీ ముందే మందు కొట్టాలి అంటాడు. ఆయన దృష్టిలో తనే భారతీయుడు, తనే ఠాగూర్. దేశం కోసం పద్ధతిని దాటినవాడు. ఎవరు తెగులో, ఎవరు పంటో తేల్చే అధికారం తన చేతికి తనే ఇచ్చుకున్నవాడు. మన సినిమా హీరోకీ ఈ జనరల్‌కీ మధ్య తేడా ఒక్కటే. మన హీరో ఎప్పుడూ సరైనవాణ్ణే చంపుతాడని దర్శకుడు మనకి హామీ ఇస్తాడు. నిజజీవితంలో ఆ హామీ ఇచ్చే దర్శకుడు లేడు.

"సినిమాని సినిమాగా చూడు బాసూ" అంటారని తెలుసు. చూద్దాం. 2019 నవంబర్లో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరం తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారు, అందుకే కాల్చాం అన్నారు పోలీసులు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. అప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నచోట స్వీట్లు పంచారు. వద్దన్నవాణ్ణి, అంటే నన్ను, "మీ ఇంట్లో ఆడవాళ్లకి జరిగితే తెలుస్తుంది" అన్నారు. ఆ మాట ఎత్తాక ఇంకెవడు నోరు తెరుస్తాడు చెప్పండి.

సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ నాయకత్వంలో ఒక కమిషన్ వేసింది. 2022 మేలో దాని నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదనీ, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలనీ అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా కమిషన్ తేల్చింది. వ్యవహారం ఆ తర్వాత తెలంగాణ హైకోర్టుకి వెళ్లింది. నేను అడిగేది ఒక్కటే. ఆ నలుగురే నేరం చేశారా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, ఇక ఎప్పటికీ తేల్చలేదు. చేసి ఉంటే, రుజువు చేసి శిక్ష వేసే అవకాశం పోయింది. చేయకపోయి ఉంటే, అసలువాడు బయటే ఉన్నాడు. రెండు విధాలా మోసపోయింది ఎవరు? ఆ అమ్మాయి, ఆమె లాంటి ఆడపిల్లలు. పూలు చల్లినప్పుడు మనం పండగ చేసుకున్నది న్యాయానికి కాదు, క్లైమాక్సుకి. ఆ క్లైమాక్సు మనకి నేర్పింది ముప్పై, నలభై ఏళ్ల మన సినిమా.

ఆ కమిషన్ చేసిన పని 'జెడ్'లో మెజిస్ట్రేటు పనే. సాక్షుల్ని పిలవడం, ఒకరి మాట ఇంకొకరి మాటతో సరిచూడడం, కాయితం మీద పెట్టడం. మన దగ్గరా అలాంటి పని జరిగింది. స్వీట్లు పంచినవాళ్లలో ఎంతమందికి ఆ నివేదిక మీద కనీసం కుతూహలం పుట్టింది? పూలున్నాయి, చదివే ఓపిక లేదు. బాధ అదీ.

ఇక 'జెడ్' మీద ఉన్న అభ్యంతరాలు. వాటినీ దాటేయకూడదు.

మొదటిది, ఇది ఏకపక్షం, ప్రచారం అంటారు. నిజమే, గావ్రాస్ తటస్థంగా ఉన్నట్టు నటించడు. మామూలుగా సినిమా మొదట్లో "పాత్రలన్నీ కల్పితం" అని వేస్తారు కదా, ఈయన పోలికలు యాదృచ్ఛికం కావు, కావాలనే పెట్టాం అని వేశాడు! కొన్నిచోట్ల తూకం తప్పింది కూడా. దాడి చేసినవాళ్లలో ఒకణ్ణి స్వలింగ సంపర్కుడిగా చూపించి, అదే వాడి దుర్మార్గానికి గుర్తన్నట్టు వాడుకోవడం ఈనాడు చూస్తే రోతగా ఉంటుంది. ఇంకోటి, సినిమా తీసింది అల్జీరియాలో. అక్కడ 1965లో బూమెదియెన్ సైనిక కుట్రతోనే గద్దెనెక్కాడు. సైనిక కుట్రని తిట్టే సినిమాకి ఇంకో సైనిక కుట్ర నీడ ఇచ్చిందన్నమాట. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ మెజిస్ట్రేటు పాత్ర వీటివల్ల చిన్నదైపోదు. ఆయన ఎవరి పక్షమూ కాదు కాబట్టే ఆయన తేల్చిన నిజం అధికారంలో ఉన్నవాళ్లకి అంత గుచ్చుకుంది.

రెండో అభ్యంతరం గట్టిది. "సరే, అంత చేసి ఏం సాధించాడు? చివరికి ఓడిపోయాడుగా?" అని. అవును. ఆ ఓటమిని దాచకపోవడమే ఈ సినిమా గొప్ప. అభియోగాల వార్త మోసుకుని సంతోషంగా పరిగెత్తుకొచ్చినవాడికి డాక్టరు భార్య మొహంలో ఏ సంతోషమూ కనపడదు. ఎందుకో మనకి తర్వాతి నిమిషంలో తెలుస్తుంది. సాక్షులు ఒక్కొక్కరే చచ్చిపోతారు. పెద్దవాళ్లు బయటపడతారు. నిజంగానూ అంతే జరిగింది. 1966లో విచారణ ముగిసి దాడి చేసినవాళ్లకి శిక్షలు పడ్డాయి, పోలీసు అధికారులు బయటపడ్డారు. 1967 ఏప్రిల్ 21న సైన్యం గద్దెనెక్కింది. సార్ట్‌జెటాకిస్ ఉద్యోగం పోయింది, తర్వాత జైలు కూడా. సినిమాకి సంగీతం ఇచ్చిన మికిస్ థియొడొరాకిస్ అప్పటికే సైనిక ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నాడు, ఆయన పాటలు దేశమంతా నిషేధం.

సినిమా చివర ఆ ప్రభుత్వం నిషేధించినవాటి జాబితా తెరమీద నడుస్తుంది. పొడుగు జుట్టు, మినీ స్కర్టులు, సోఫోక్లిస్, టాల్‌స్టాయ్, సమ్మెలు, బీటిల్స్, ఆఖరికి కొత్త గణితం! నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వు ఆగిపోతుంది. జాబితాలో చివరిది 'జెడ్' అనే అక్షరం. గ్రీకులో "ఆయన బతికే ఉన్నాడు" అని చెప్పడానికి లాంబ్రాకిస్ అభిమానులు గోడల మీద రాసిన అక్షరం అది.

కానీ కథ అక్కడితో ఆగలేదు. 1974లో ఆ సైనిక ప్రభుత్వం కూలింది. 1975లో దాని నాయకుల్ని పట్టుకుని గోడకి నిలబెట్టి కాల్చలేదు. కోర్టులో విచారించారు. మరణశిక్షలు పడ్డాయి, వాటినీ యావజ్జీవంగా మార్చారు. 1985లో గ్రీసు దేశాధ్యక్షుడిగా ఎన్నికైనవాడు ఎవరో తెలుసా? ఆ గుమాస్తా లాంటి మెజిస్ట్రేటే, సార్ట్‌జెటాకిస్! ఇది స్క్రిప్టులో రాస్తే "అతి" అని మనమే కొట్టిపారేస్తాం. అలాగని నిజాయితీకి ఎప్పుడూ కుర్చీ దొరుకుతుందని నేను చెప్పట్లేదు. చాలామందికి దొరకదు. కానీ కాయితం మీద సరిగ్గా రాసిపెట్టిన నిజానికి ఆయుష్షు ఎక్కువ. అధికారి బదిలీ అవుతాడు, ప్రభుత్వం పోతుంది, రికార్డు ఉంటుంది. ఎన్‌కౌంటర్‌తో చచ్చేది మనిషి ఒక్కడే కాదు, ఆ రికార్డు కూడా.

మూడోది మనవాళ్ల సొంత అభ్యంతరం. "పాలిటిక్స్ మనకెందుకు, మన పని మనం చేసుకుందాం." దీనికి జవాబు మళ్లీ ఆ మెజిస్ట్రేటే. ఆయన ఏ పార్టీ జెండా మొయ్యలేదు. తన పని తను చేసుకున్నాడు, అంతే! పూర్తిగా చేశాడు. మధ్యలో ఆపమన్నప్పుడు ఆపలేదు. మనలో ఎంతమందిమి మన పనిని అంత పూర్తిగా చేస్తున్నాం? రాజకీయాలకి దూరంగా ఉన్నామని చెప్పుకుంటూనే, ఎన్‌కౌంటర్ జరిగితే స్టేటస్ పెట్టేది మనమే. "ఈ దేశానికి ఒక నియంత కావాలి" అని క్యాబ్‌లో కూర్చుని తేల్చేసేదీ మనమే. అది రాజకీయం కాదా?

ఈ సినిమా 1970లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగానూ, ఎడిటింగుకీ ఆస్కార్లు గెలిచింది. ఉత్తమ చిత్రం నామినేషన్ కూడా వచ్చింది. సంగీతం, నరుకుడు, పరుగు చూస్తే ఈరోజు తీసినట్టే ఉంటుంది. అదే నవలని హిందీలో దిబాకర్ బెనర్జీ 'షాంఘై' (2012)గా తీశాడు. అందులో దర్యాప్తు చేసే పాత్ర ఒక ఐఏఎస్ అధికారి. అంటే మన దేశపు నేలమీద ఈ కథ నడవదన్న సాకు కూడా లేదు. తెలుగులో కోట్లకి కోట్లు పోసి పాన్ ఇండియా తీస్తున్నాం. ఒక్క గుమాస్తాని, ఒక్క టైపు మెషీన్ని, నాలుగు పచ్చి ప్రశ్నల్ని పెట్టి రెండు గంటలు కూర్చోబెట్టే దమ్ము మన దర్శకుల్లో ఎవరికుంది? ఆ ప్రశ్న సగం వాళ్లకి, సగం మనకి. అలాంటిది తీస్తే టిక్కెట్టు కొనాల్సింది మనమే కదా.

ఈ శనివారం 'జెడ్' చూడండి. చూశాక ఠాగూర్ కూడా ఇంకోసారి చూడండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఈసారి ఈల వెయ్యబోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఆ కత్తి కింద ఉన్నవాడు సరైనవాడేనని మీకు ఎవరు చెప్పారో గుర్తు తెచ్చుకోండి.